గార వెనుక కలప: స్టకో గోడలలో తేమ, చెద

సిమెంటు, ఇసుక, సున్నం, నీరు తగు పాళ్ళలో కలిపి గోడ వెలుపలి ముఖానికి పొరలు పొరలుగా పూసే దృఢలేపనాన్ని స్టకో అని వ్యవహరిస్తారు. పదార్థాన్ని బట్టి చూస్తే ఇది మన తాపీమేస్త్రీలు ఇటుక గోడకు చేసే గార పూతకు సగోత్రమే. 1824లో ఇంగ్లండులోని లీడ్స్ నగరవాసి జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లండ్ సిమెంటుకు పేటెంటు పొందక పూర్వం స్టకో ప్రధానంగా సున్నంతోనే తయారయ్యేది. 1591లో నిర్మితమైన చార్మినారు మీది గచ్చు నగిషీలు ఆ ప్రాచీన కుటుంబానికి చెందినవే. అయితే ఒక పూత గుణదోషాలను దాని పదార్థం ఎంత నిర్ణయిస్తుందో, అది దేనిని ఆశ్రయించి నిలిచిందన్న విషయం అంతకంటె ఎక్కువగా నిర్ణయిస్తుంది. రాతిని, ఇటుకను ఆశ్రయించిన గార తడిస్తే మరల ఆరుతుంది, మహా అయితే పెచ్చులూడుతుంది. కలపను ఆశ్రయించిన గార తడిసి ఆరకపోతే, పైకి చెక్కుచెదరకుండా నిలిచే ఉంటుంది గాని, దాని వెనుక ఉన్న ఇల్లు కుళ్ళుతుంది.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో నివాసగృహాలలో అధికభాగం దారుచట్ర నిర్మాణాలు. కాలిఫోర్నియా, అరిజోనా, టెక్సస్ వంటి రాష్ట్రాలలో ఆ చట్రం మీద స్టకో పూయడం విస్తారంగా కనిపిస్తుంది. ఫ్లోరిడాలో కింది అంతస్తును కాంక్రీటు దిమ్మెలతోను, పై అంతస్తును కలపతోను కట్టి, రెంటికీ ఒకే స్టకో పూసిన ఇళ్ళు కూడా ఉన్నాయి. ఏది ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు. ఫ్రీమాంట్‌లోనో, ఫీనిక్స్ పరిసరాలలోనో అటువంటి ఇల్లు కొన్న తెలుగు కుటుంబం ఆ గోడను వేలితో తట్టి, సిమెంటు గోడే కదా అని నిశ్చింత పడడం సహజం. పుట్టి పెరిగిన ఇంటి అనుభవం ఆ మాట అనిపిస్తుంది. గోడ కాలు మట్టిలో దిగినా పరవాలేదని, దాని మొదట్లో మల్లె, కరివేపాకు పాదులు చేసుకోవచ్చని, పక్కన అరుగు పోసుకోవచ్చని కూడా ఆ అనుభవమే సలహా ఇస్తుంది. ఇటుక గోడ విషయంలో దాదాపు నిరపాయమైన ఆ సలహా దారుచట్రం విషయంలో ప్రమాదకరమవుతుంది. ఎందుకవుతుందో గ్రహించడానికి గోడ అంతర్నిర్మాణం తెలిసి ఉండాలి.

అట్టి గోడను అడ్డంగా కోసి చూచినట్లయితే మొదట గది వైపు జిప్సం పలక కనిపిస్తుంది. దాని వెనుక, సాధారణంగా 16 అంగుళాల ఎడంతో నిలిపిన స్టడ్లు అనే నిలువు చెక్కలు, వాటి మధ్య ఉష్ణనిరోధక పదార్థం ఉంటాయి. స్టడ్లకు వెలుపల ప్లైవుడ్‌ను గాని, కలపపేళ్ళను జిగురుతో అదిమి చేసిన ఓఎస్‌బీ పలకను గాని బిగిస్తారు. దానిమీద జలనిరోధక కాగితం, కాగితం మీద లోహపు వల, ఆ వలను పట్టుకొని స్టకో. స్టకో సైతం ముప్పూత: వలలోకి దిగి, పైన గీతలు గీయించుకునే తొలిపూత 3/8 అంగుళం, దానిని చదును చేసే మలిపూత 3/8 అంగుళం, రంగును, నునుపుదనాన్నో గరుకుదనాన్నో ఇచ్చే తుదిపూత 1/8 అంగుళం. మొత్తం 7/8 అంగుళం, అనగా సుమారు 22 మిల్లీమీటర్లు. గోడ అడుగున ఈ పొరలన్నీ ముగిసే చోట, లోపలికి చేరిన నీరు బయటికి జారిపోయే విధంగా మలచిన జస్తాపూత రేకుపట్టీ ఒకటి ఉంటుంది. వీప్ స్క్రీడ్ అని పిలిచే ఆ పట్టీని మనం స్రావపట్టిక అందాము. ఇంటి అందంలో దానికి ఏ పాలూ లేదు. ఆయుర్దాయంలో ఉన్న పాలు మాత్రం చాలా పెద్దది.

గట్టిపడిన స్టకో రాయిలా కనిపించినప్పటికి అది జలాభేద్యం కాదు. దాని దేహమంతా సూక్ష్మరంధ్రాల జాలం. సన్నని నాళాలలో ద్రవం గురుత్వాకర్షణకు ఎదురుగా సైతం పాకే గుణాన్ని కేశనాళికీయత అంటారు. నాళం ఎంత సన్ననిదైతే ద్రవం అంత ఎత్తుకు ప్రాకుతుందన్న సూత్రం 1718 ప్రాంతంలో జేమ్స్ జ్యూరిన్ పరిశీలనల నుంచి రూపొంది ఆయన పేరుతోనే ప్రసిద్ధి చెందింది. ఈ సూత్రానుసారం స్టకో వాననీటిని తనలోకి పీల్చుకుంటుంది. దీనికి తోడు ఆరేటప్పుడు సంకోచించి పగుళ్ళు బారుతుంది. ఒక్కొక్క గోడభాగం 144 చదరపు అడుగులకు మించకుండా సంధులు విడవాలని అమెరికా ప్రమాణాలు విధిస్తున్నా, ఆ సంధులు పగుళ్ళను తగ్గిస్తాయే గాని మాన్పలేవు. గాలివాన కొట్టినప్పుడు గోడకు ఇరువైపులా ఏర్పడే పీడనభేదం ఆ పగుళ్ళగుండా నీటిని లోనికి నెడుతుంది. వానలో గొర్రెల కాపరి కప్పుకున్న గొంగళి వానను తిప్పికొట్టదు, తాగుతుంది, ఆపై ఎండకు ఆరుతుంది. స్టకో స్వభావమూ అదే.

కనుక ఇంటిని నీటినుంచి నిజంగా కాపాడేది స్టకో వెనుక ఉన్న కాగితం. కలప పలకల మీద ఆ కాగితాన్ని రెండు పొరలుగా పరచాలన్న నిబంధనలో ఒక సూక్ష్మం ఉంది. తడి స్టకో తనకు తగిలిన పొరకు అంటుకొని గట్టిపడుతుంది, అంటుకున్న చోట నీరు జారడానికి సందు మిగలదు. మొదటి పొర ఆ విధంగా స్టకోకు అంకితమైపోగా, రెండవ పొర దానికి అంటకుండా విడిగా నిలుస్తుంది. రెంటి నడుమ ఏర్పడే కాగితమంత సన్నని ఖాళీగుండా నీరు కిందికి దిగి స్రావపట్టిక వద్ద బయటపడుతుంది. ఒకే పొర వేసి సరిపుచ్చిన గోడలో ఈ జలమార్గం ఉండదు. భవనశాస్త్రజ్ఞుడు జోసెఫ్ లిస్టిబ్యూరెక్ స్టకో వెనుక ఖాళీ ఉండి తీరాలని తన వ్యాసాలలో పదే పదే వాదించింది ఇందుకే. పనివాడు మిగుల్చుకునే ఒక్క కాగితం చుట్ట ఖరీదు, పది పదిహేనేళ్ళ తరువాత గోడ విప్పి మరల కట్టే ఖరీదుతో పోల్చదగినది కాదు.

సమతలమైన గోడ మధ్యభాగంలో ప్రవేశించే నీరు స్వల్పం. అధికభాగం సంధుల వద్ద చేరుతుంది: కిటికీ కింది మూలలు, గోడను చీల్చుకొని వచ్చే గొట్టాలు, విద్యుద్దీపాల పెట్టెలు, బాల్కనీ గోడతో కలిసే చోటు. అన్నిటికంటె దుష్టమైన సంధి, ఏటవాలు కప్పు అంచు ఒక గోడ మధ్యలో ముగిసే స్థలం. కప్పు మీద పడిన నీరంతా ఆ మూలకు పరుగెత్తి వస్తుంది. దానిని గోడనుంచి దూరంగా, నీటికాలువలోకి మళ్ళించే చిన్న వంపురేకు లేకపోతే, ఆ ప్రవాహమంతా స్టకో వెనుకకు దిగుతుంది. ఆ రేకును కిక్‌అవుట్ ఫ్లాషింగ్ అంటారు. అరచేయంత ఉండే ఆ రేకు లేకపోవడం వల్ల కిందనున్న గోడంతా కుళ్ళిపోవడం తనిఖీదారులకు పరిచితమైన దృశ్యం.

ద్రవరూపంలోనే కాక, నీరు ఆవిరి రూపంలోనూ గోడలోకి చొరబడుతుంది. వానకు తడిసిన స్టకో మీద వేసవి ఎండ పడినప్పుడు అందులోని నీరు ఆవిరై, వేడి వైపునుంచి చల్లని వైపుకు, అనగా శీతలీకరించిన గది వైపుకు, వ్యాపిస్తుంది. దీనిని సౌరప్రేరిత అంతర్వ్యాపనం అనవచ్చు. ఆ ఆవిరికి లోపలివైపు ప్లాస్టిక్ పొర గాని, వినైల్ గోడకాగితం గాని అడ్డుపడితే, దాని మీద చెమర్చి, స్టడ్ల మధ్యనే నిలిచిపోతుంది. హ్యూస్టన్ వంటి ఉక్కపోత ప్రాంతంలో గోడకాగితం వెనుక బూజుమచ్చలు కనిపించడానికి ఇదొక కారణం.

ఇక కలప మాట. కలపలోని తేమను, పూర్తిగా ఎండిన కలప భారంలో శాతంగా లెక్కిస్తారు. కణకవచాలు తేమతో నిండి, కణకుహరాలు మాత్రం ఖాళీగా ఉన్న స్థితిని తంతుసంతృప్త స్థితి అంటారు. అది అధికభాగం కలపజాతులలో 28 నుంచి 30 శాతం వద్ద ఉంటుంది. 20 శాతానికి లోబడిన కలపను శిలీంధ్రాలు కుళ్ళబెట్టలేవు. తంతుసంతృప్త స్థితికి చేరువైన కలపలో అవి విజృంభిస్తాయి. ఈ శిలీంధ్రాలలో సెల్యులోజును హరించి లిగ్నినును విడిచిపెట్టేవి గోధుమ కుళ్ళుకు, రెంటినీ భక్షించేవి తెల్ల కుళ్ళుకు కారకాలు. దేవదారు జాతి మెత్తని కలపతో కట్టే అమెరికా ఇళ్ళలో గోధుమ కుళ్ళే ఎక్కువ. కలప ఘనాకార ముక్కలుగా బీటలిచ్చి, వేళ్ళ మధ్య నలిపితే పొడి అవుతుంది. ఓఎస్‌బీ పలక ప్లైవుడ్ కంటె ముందుగా, అంచుల వద్ద ఉబ్బి దెబ్బతింటుంది. ఒకసారి ఉబ్బిన అంచు ఆరినా పూర్వపు మందానికి తిరిగి రాదు.

చెద ప్రసక్తి ఇక్కడ వస్తుంది. గృహాలకు హాని చేసే చెదపురుగులను నివాసాన్ని బట్టి మూడు విధాలుగా విభజిస్తారు: భూగత చెదలు, ఆర్ద్రదారు చెదలు, శుష్కదారు చెదలు. పూర్వం వీటికి ఐసోప్టెరా అని ప్రత్యేక క్రమం ఉండేది. అవి బొద్దింకల వంశంలోనివేనని తేలిన తరువాత బ్లాటోడియా క్రమంలో చేర్చారు. ఆర్ద్రదారు చెదలు తడిసి నానుతున్న కలపలోనే కాపురముంటాయి. వాటి ఉనికే నీటి కారుడుకు సాక్ష్యం. శుష్కదారు చెదలకు నేలతో సంబంధం అక్కరలేదు, ఎండిన కలపలోని కొద్దిపాటి తేమతోనే అవి జీవయాత్ర గడుపుకుంటాయి. కాలిఫోర్నియాలో ప్రబలమైన ఇన్‌సిసిటెర్మెస్ మైనర్ ఈ కోవలోనిది. చెక్కలోని చిన్న రంధ్రంగుండా అది బయటికి నెట్టే ఆరు పలకల మలగుళికలు గసగసాల పరిమాణంలో కిటికీ అంచున కుప్పపడతాయి. వీటి దాడికి స్టకో తేమను నిందించడం పూర్తిగా న్యాయం కాదు.

భూగత చెదల సంగతి వేరు. తూర్పు రాష్ట్రాలలో రెటిక్యులిటెర్మెస్ ఫ్లావిపెస్, పశ్చిమాన రెటిక్యులిటెర్మెస్ హెస్పెరస్, దక్షిణ తీరాలలో ఫార్మోసా చెద అనే కోప్టోటెర్మెస్ ఫార్మోసానస్ ముఖ్యమైనవి. ఈ చివరిది తూర్పు ఆసియా వాస్తవ్య. రెండవ ప్రపంచయుద్ధానంతరం సైనిక సామగ్రితో పాటు న్యూ ఆర్లియన్స్ వంటి రేవులకు చేరింది. మే నెల సాయంత్రాలలో ఆ నగరపు వీధిదీపాల చుట్టూ దాని రెక్కల పురుగులు ముసిరే తీరు, తొలకరినాడు మన వాకిటి దీపాన్ని కమ్ముకునే ఉసిళ్ళను చూచినవారికి వింతగా తోచదు. కోప్టోటెర్మెస్ ప్రజాతికి చెందిన హైమి అనే జాతి భారతదేశంలోనూ కలపకు శత్రువే.

భూగత చెదల కార్మికుల దేహత్వచం అతి పలుచన. పొడిగాలి తగిలితే వాటి దేహంలోని నీరు వేగంగా హరించుకుపోతుంది. అందువలన అవి సాధారణంగా నేలలోని తేమను వదలవు. నేలనుంచి కలప వరకు మట్టితోను, లాలాజలంతోను సొరంగాలు కట్టుకొని, వాటిలోనే రాకపోకలు సాగిస్తాయి. అంగుళంలో 32వ వంతు సందు చాలు, అవి దూరిపోతాయి. కలపలోని సెల్యులోజును జీర్ణించుకోవడానికి వాటి పేగులలో సహజీవనం చేసే ఏకకణజీవులు తోడ్పడతాయి. మన పొలాలలో పుట్టలు పెట్టే ఒడొంటోటెర్మెస్ జాతుల పేగులలో అవి లేవు. ఆ లోటును అవి పుట్టలో టెర్మిటోమైసెస్ అనే శిలీంధ్రాన్ని సేద్యం చేసి తీర్చుకుంటాయి.

ఇప్పుడు స్టకో గోడను చెద దృష్టితో చూడాలి. నేలనుంచి పైకి ఎక్కే మట్టిగొట్టం బయటి పునాది మీద కనిపిస్తే ఇంటివారు పసిగడతారు. స్టకో మట్టిలోకి దిగి ఉన్నప్పుడు ఆ గొట్టానికి బయటి ప్రపంచంతో పనే లేదు. స్టకోకు, పునాదికి మధ్యనున్న సన్నని చీకటి సందు సిద్ధంగా దొరికిన రాజమార్గం. కాంక్రీటు పునాది మీద పరచిన అడుగుచెక్క దాని తొలి మజిలీ. పైనుంచి కారిన నీరు చేరేది కూడా ఆ అడుగుచెక్కకే. గోధుమ కుళ్ళు కలిగించే గ్లియోఫిల్లమ్ ట్రేబియం అనే శిలీంధ్రం సోకిన కలప రెటిక్యులిటెర్మెస్ చెదలను ఆకర్షిస్తుందని 1960 దశకం నుంచీ తెలిసిన సంగతే. అనగా నీరు శిలీంధ్రాన్ని, శిలీంధ్రం చెదను పిలుచుకువస్తాయి. ఫార్మోసా చెద ఇంకొక అడుగు ముందుకు వేస్తుంది. గోడలో ఎడతెగని తేమ దొరికితే అది నేలతో సంబంధం తెంచుకొని, నమిలిన కలప, మట్టి, మలం కలిపిన అట్టలాంటి గూటిని గోడలోనే కట్టుకుని స్థిరపడుతుంది. నేలకు మందు కొట్టి నిశ్చింతగా ఉన్న గృహస్థునికి ఆ గూడు ఉన్నట్టే తెలియదు.

తేమను చిక్కించుకున్న గోడ ఎంతటి అనర్థం తేగలదో రెండు ప్రాంతాల చరిత్ర చెప్తుంది. ఐరోపాలో పుట్టి 1969లో అమెరికాకు వచ్చిన కృత్రిమ స్టకోలో, నురుగు పలకల మీద పలుచని పాలిమర్ పూత ఉంటుంది. తొలినాటి పద్ధతిలో నీటికి బయటపడే దారి అసలు పెట్టలేదు. పైపొరే నీటిని ఆపుతుందన్న నమ్మకం మీద అది నిలిచింది. 1995లో నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్ పరిసరాలలో పరీక్షించిన అటువంటి ఇళ్ళలో అధికభాగం గోడలు తడిసి ఉన్నట్లు బయటపడింది. మరుసటి సంవత్సరమే ఆ రాష్ట్రం నీరు జారే దారి ఉన్న పద్ధతిని తప్పనిసరి చేసింది. నురుగు పలక మట్టిలోకి దిగితే చెదకు అందులో తొలుచుకోవడం అతి సులభం. అందుచేతనే చెద ఉద్ధృతి అత్యధికమైన ప్రాంతాలలో నేల కింద నురుగు పలకల వాడకాన్ని అమెరికా గృహనిర్మాణ నియమావళి నియంత్రించింది. కెనడాలో బ్రిటిష్ కొలంబియా తీరాన 1980, 90 దశకాలలో కట్టిన వేలాది అపార్టుమెంట్లు కారి కుళ్ళిపోగా, 1998లో తన మాజీ ముఖ్యమంత్రి (ప్రీమియర్) డేవ్ బారెట్ అధ్యక్షతన ఆ రాష్ట్రం విచారణసంఘాన్ని వేసింది. కాలిఫోర్నియా ఎండకు తగిన చూరులేని స్టకో గోడల్ని నిత్యం వానలు కురిసే వాంకూవరుకు యథాతథంగా తెచ్చుకోవడం ఆ విపత్తు కారణాలలో ఒకటి. అటుపైన అక్కడ స్టకో వెనుక 10 మిల్లీమీటర్లకు తగ్గని గాలిఖాళీ విడిచే పద్ధతి స్థిరపడింది.

ఈ జ్ఞానాన్ని ఇంటి చుట్టూ ఒకసారి నడిచి ప్రయోగించవచ్చు. మొదట చూడవలసింది గోడ కాలు. స్రావపట్టిక మట్టికి కనీసం 4 అంగుళాలు, సిమెంటు నేలకు కనీసం 2 అంగుళాలు పైన ఉండాలని నియమం. పట్టిక కనిపించకపోతే మట్టో, బెరడుముక్కలో, తరువాత పోసిన అరుగో దానిని కప్పివేశాయని అర్థం. మట్టినైతే తవ్వి తీయాలి, అరుగునైతే కోసి సరిచేయాలి. అడుగున సందు కనిపిస్తున్నదని, పురుగు దూరుతుందని భయపడి దానిని సీలెంటుతో పూడ్చేవారున్నారు. అది గోడ గొంతు నొక్కడమే. చుట్టూ నేల ఇంటినుంచి మొదటి 10 అడుగులలో 6 అంగుళాలు వాలుగా పోవాలి. తోటకు నీరు చిమ్మే గొట్టాల నోళ్ళు గోడ వైపు తిరిగి ఉండరాదు. మల్లెపందిరి, కరివేపాకు మానుకోనక్కరలేదు. గోడకు రెండు మూడడుగుల దూరంలో, వీలైతే కుండీలలో పెంచితే సరి.

పగుళ్ళు కనిపించగానే దట్టమైన రబ్బరురంగు పూయించడం మరొక దుర్వైద్యం. అది బయటి నీటిని కొంత ఆపినా, లోపల చేరిన నీరు ఆరకుండా కూడా ఆపుతుంది. స్టకో మీద కిటికీ మూలలనుంచి కిందికి దిగే గోధుమరంగు చారలు, తెల్లని లవణపు పొక్కులు, గోడ అడుగున మెత్తబడిన జిప్సం పలక, అన్నీ లోపలి తడిని సూచించే లక్షణాలు. లక్షణాలు లేకపోవడం మాత్రం ఆరోగ్యానికి రుజువు కాదు. ఇల్లు కొనేముందు చేయించే సాధారణ తనిఖీలో గోడ లోపల ఏముందో తెలియదు. స్టకోలో చిన్న రంధ్రాలు చేసి, పొడవాటి సూదులున్న తేమమాపకంతో వెనుకనున్న ప్లైవుడ్ లేదా ఓఎస్‌బీ పలక తేమను కొలిచే ప్రత్యేక పరీక్షను కిటికీల కింద, కప్పు అంచుల కింద చేయించాలి. అమ్మేవారి అనుమతి దీనికి అవసరం. అనుమతి నిరాకరణ కూడా ఒక సమాచారమే. గృహబీమా ఒప్పందాలు సాధారణంగా చెదనష్టాన్ని, చిరకాలపు కారుడు వల్ల కలిగే నష్టాన్ని మినహాయిస్తాయి కనుక పరీక్ష ఖర్చుకు వెనుదీయడం తెలివి అనిపించుకోదు.

చెద చికిత్సలో కాలక్రమాన మార్పు వచ్చింది. ఒకప్పటి క్లోర్డేన్‌ను అమెరికా 1988లో నిషేధించింది. ఇప్పుడు ఫిప్రోనిల్ వంటి మందును పునాది చుట్టూ కాలువలో పోయడం, లేదా మట్టిలో ఎరలు పాతి కార్మికుల ద్వారా విషాన్ని గూటికి చేర్చడం వాడుకలో ఉన్నాయి. మన దేశంలో ఇందుకు ఐఎస్ 6313 అనే ప్రమాణం ఉంది. కాని మన ఇళ్ళలో చెదకు దొరికేది ద్వారబంధాలు, తలుపులు, బీరువాలు. అక్కడ దొరికేది ఇంటిని మోసే ఎముకల గూడు. తడి ఆగకముందే మందు కొట్టిస్తే, నేలనుంచి వచ్చే దండు ఆగవచ్చు గాని గోడలో కుళ్ళు ఆగదు, గోడలోనే కాపురం పెట్టిన దండు కూడా ఆగదు. ముందు నీటి దారి మూయాలి, తడిసిన పలకను విప్పి ఆరనివ్వాలి, కుళ్ళిన చెక్కను మందెక్కించిన కలపతో మార్చాలి, చెదకు మందు పెట్టించాలి. స్టకో పూయించడం ఆ తరువాతి పని. చెదమందు సంస్థ గోడ తేమను కొలవకపోవచ్చు, స్టకో మేస్త్రీ మట్టిగొట్టాలను గుర్తించకపోవచ్చు. గోడ విప్పిన రోజున ఇద్దరినీ ఒకేచోట నిలబెట్టి, అడుగుచెక్క పొడవునా తేమ అంకెలు రాయించి, ఫొటోలు తీయించి ఉంచుకోవడం ఇంటి యజమాని చేయవలసిన పని.